మార్లిస్ ఎదురుచూసిన బల్ల

మార్లిస్ ఓస్ట్‌బీ ఎవరినైనా క్షమించగా నేను చూడలేదు. మేమిద్దరం స్కూలు బస్సులు నడుపుతాం. మా గరాజులో ఒకసారి మెకానిక్ ఆమె కాఫీ ఫ్లాస్కును టైరు పక్కన పెట్టి మరిచిపోయాడు. బస్సు కదిలింది, ఫ్లాస్కు అప్పచ్చి అయింది. పాపం అతను మర్నాడే కొత్తది కొనిచ్చాడు. ఆ కొత్తదాంట్లోనే ఆమె ఈనాటికీ కాఫీ తాగుతుంది, అతనికి మాత్రం గుడ్ మార్నింగ్ చెప్పదు. ఫ్లాస్కుకే అంత పగ పట్టే మనిషి రాడ్ కెమర్‌ని వదులుతుందని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ పొరపాటు.

బస్సుల్లోకి రాకముందు ఆమె పద్నాలుగేళ్ళు మా ఊరి చివర పేకాట గదిలో ముక్కలు పంచింది. ఇప్పుడా గది లేదు, మూసేశారు. అక్కడికి రోజూ మధ్యాహ్నం వైనో లాహ్తి అనే పెద్దాయన వచ్చేవాడు. ఎనభై ఒక్క ఏళ్ళు. జీవితమంతా ఇనుప గనిలో పని చేసినవాడు. భార్య పోయాక ఇంట్లో గడియారం చప్పుడు వినలేక వచ్చేవాడట. అన్నిటికన్నా చిన్న పందేల బల్ల దగ్గర మూడో కుర్చీలో కూర్చుని, గిన్నెడు అడవి బియ్యం సూపు తాగుతూ, సాయంత్రం దాకా ఆడేవాడు. యాభై దాటిన మార్లిస్‌ని 'అమ్మాయ్' అని పిలిచేది ఆయన ఒక్కడే.

రాడ్ కెమర్ పడవలూ మంచు మీద నడిపే బండ్లూ అమ్ముతాడు. హైవే మీద ఎక్కడ చూసినా అతని పళ్ళికిలించిన బొమ్మే. ఆ రోజు పెద్ద బల్ల ఖాళీ లేక చిన్న బల్లకి వచ్చి కూర్చున్నాడు. అతని చేతిలో మూడు రాణులు పడ్డాయి. వైనో చిన్న చిన్న ముక్కలతో ఐదింటి వరస పేర్చి ఆ రాణుల్ని కొట్టాడు. కొట్టి, చిన్నపిల్లాడిలా కిసుక్కున నవ్వాడు.

కెమర్ లేచి నిలబడి గదంతా వినేలా అన్నాడు. "ఈవిడ పంచేటప్పుడు అడుగు ముక్క ముసలాడికి చూపిస్తోంది. నా కళ్ళతో నేను చూశాను."

ఆ బల్ల మీది కెమెరా వారం నుంచి పని చెయ్యడం లేదు. ఆ సంగతి అక్కడికి వచ్చేవాళ్ళందరికీ తెలుసు, కెమర్‌కి కూడా. మేనేజరు కాసేపు గడ్డం గోక్కుని, మార్లిస్‌ని పేక కింద పెట్టమన్నాడు. అంతే, పద్నాలుగేళ్ళ ఉద్యోగం అక్కడితో సరి. పంచే లైసెన్సు కూడా ఆమెకి మళ్ళీ రాలేదు. వైనోని ఇక రావద్దన్నారు. ఆయన సగం తాగిన సూపు గిన్నెని బల్ల అంచుకి జరిపి, టోపీ తీసుకుని, "వస్తానమ్మాయ్" అని వెళ్ళిపోయాడు.

మరుసటి ఏప్రిల్లో ఆయన పోయాడు. అంత్యక్రియలకి ఆరుగురు వచ్చారు. చర్చి కింది గదిలో కాఫీలు తాగుతుంటే మార్లిస్ వెనక ఎవరో గొంతు తగ్గించి, "ఈయనేగా పేకాటలో మోసం చేసి దొరికిపోయింది?" అన్నారు. ఆమె కేకు పళ్ళెం కింద పెట్టేసింది.

ఆ పై ఏడాది గోర్డీ పెల్టో కెమర్ షాపులో పని మానేశాడు. మానేశాక, చేపలకి ఎరలమ్మే దుకాణంలో నాకు కనబడి గుండెలో మాట కక్కాడు. కెమర్ షాపులో అందరి ముందూ నవ్వుతూ చెప్పాడట: "ముసలాడు నన్ను చూసి నవ్వాడురా. ఒక్క మాటతో ఇద్దర్నీ ఊడ్చి పారేశా."

నేను వెళ్ళి మార్లిస్‌కి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందని ఒక్కోసారి అనిపిస్తుంది. ఆమె అప్పుడు బస్సు కడుగుతోంది. పైపు ఆపలేదు. ఒకే కిటికీని అలా కడుగుతూనే ఉండిపోయింది.

"ఆ రోజు గోర్డీ కూడా బల్ల దగ్గరే ఉన్నాడుగా?" అంది చివరికి.

"ఉన్నాడే."

"అప్పుడు నోట్లో ఏం పెట్టుకున్నాడు?"



అప్పటి నుంచి ఐదు చలికాలాలు ఆమె పోకరు నేర్చుకుంది. పంచడం వేరు, ఆడడం వేరు. మంగళవారాలు బౌలింగ్ హాలు వెనక గదిలో ఆడేది. పిల్లలు దిగిపోయాక ఖాళీ బస్సులో సీటు మీద ముక్కలు పరుచుకుని కూర్చునేది. అయితే కెమర్ గురించి ఆమె కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. ఎన్నో ఏళ్ళు అతనికి తన చేత్తోనే పంచింది. "చేతిలో ఏమీ లేకపోతే వాడికి నోరెక్కువ. మంచి ముక్కలు పడ్డాయంటే మర్యాద ఎక్కువ. ఇంకోటి ఉందే బెర్నీస్. తను అబద్ధాలాడతాడు గనక లోకమంతా అబద్ధాలే ఆడుతుందనుకుంటాడు. వాణ్ణి అక్కడ పట్టుకోవాలి" అనేది నాతో.

ఫిబ్రవరిలో స్కూళ్ళకి మూడు రోజుల సెలవు వచ్చింది. సరస్సు ఒడ్డున కాసినోలో ఏటా ఆ శనివారం పెద్ద టోర్నమెంటు జరుగుతుంది, ఏటా కెమర్ వస్తాడు. ఇద్దరం ఒక గది తీసుకున్నాం. నాకు పేకాట మీద మోజు లేదు. వేడినీళ్ళ కొలను, చేపల వేపుడు, కాసేపు మీటలు నొక్కే జూదం మెషీన్లు ఉంటే చాలు నాకు. దారిలో అడిగాను.

"ఓడిస్తే నీ కడుపు చల్లబడుతుందా?"

"ఓడిపోవడం వాడికి కొత్తా? వైనో పేరు వాడి నోటితో రావాలి. పదిమంది ముందు రావాలి."

శనివారం పొద్దున పదకొండింటికి నూట ముప్ఫై మందికి పైగా కూర్చున్నారు. అందరికీ ఒకే లెక్కన చిప్స్ ఇస్తారు. అవి అయిపోయినవాళ్ళు లేచిపోవాలి. మనుషులు తగ్గేకొద్దీ బల్లల్ని కలుపుతూ పోతారు. మార్లిస్ మధ్యాహ్నం దాకా ఎవరి జోలికీ పోకుండా, గింజలు ఏరుకునే కోడిలా కొద్దికొద్దిగా పోగేసుకుంది. నాలుగింటికి రెండు బల్లలు మిగిలాయి. ఆమెని కెమర్ ఉన్న బల్లకి మార్చారు. ఆ బల్ల మూలన టోపీ కళ్ళ మీదికి లాక్కుని గోర్డీ కూడా ఉన్నాడు. నేను చూసేవాళ్ళని ఆపే తాడు ఇవతల నిలబడి చూస్తున్నాను.

కెమర్ ఆమెని చూడగానే చేతులు చాచాడు. "అబ్బో! మార్లిస్ గారే! కాస్త చూసుకోండి బాబూ, ఈవిడ హస్తవాసి గొప్పది. చొక్కా చేతుల్లో ఇంకో పేక తిరుగుతూ ఉంటుంది."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. మార్లిస్ కూర్చోలేదు. పర్యవేక్షకుడిని చెయ్యెత్తి పిలిచింది. స్వెట్టరు విప్పి కుర్చీకి తగిలించింది, చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచింది, రెండు చేతులూ అతని ముందు చాపింది.

"చూడండి, బాగా చూడండి. తరవాత ఆయనవీ చూడండి."

"అక్కర్లేదండీ..." అన్నాడు అతను ఇబ్బందిగా.

"ఆయనకి అనుమానం వచ్చింది. నాకూ వచ్చింది."

ఈసారి బల్లంతా నవ్వింది. కెమర్‌కి ఆ ఖరీదైన కోటు చేతులు పైకి లాగక తప్పలేదు. పర్యవేక్షకుడు ఇంకోసారి నోరు జారొద్దని అతన్ని హెచ్చరించి వెళ్ళాడు. ఆ తరవాత సాయంత్రమంతా మార్లిస్ మళ్ళీ స్వెట్టరు వేసుకోలేదు. చలికి చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నా అలాగే ఆడింది.

ఆడింది అన్నానే గానీ, గంటన్నర సేపు కెమర్ పందెం పెంచినప్పుడల్లా ముక్కలు పారేసింది. పెంచడం ఆలస్యం, పారేసేది. "భయపడకండి, కరవన్లెండి" అని అతను వెక్కిరిస్తున్నా తలెత్తలేదు. చూస్తున్న నాకే ఒళ్ళు మండిపోయింది.

మధ్యలో ఒక్కసారి గోర్డీ మీదికి వెళ్ళింది. భారీగా చిప్స్ తోసి, అతని మొహంలోకి రెప్పవెయ్యకుండా చూసింది. గోర్డీ ఆ చూపుకి తట్టుకోలేక ముక్కలు పడేశాడు. అప్పుడు ఆమె, చూపించాల్సిన అవసరం లేకపోయినా, తన ముక్కలు వెల్లకిలా వేసింది. కళావరు మూడు, డైమను ఎనిమిది. చెత్త. కెమర్ ఈల వేశాడు.

విరామంలో ఆమె రెక్క పట్టుకున్నాను. "ఎందుకు చూపించావే? నీ గుట్టు నువ్వే విప్పుకుంటావా?"

"చూడాల్సినవాడు చూశాడా?"

"ఈల కూడా వేశాడు."

"అయితే సరే" అని మంచినీళ్ళు తాగి వెళ్ళి కూర్చుంది.

ఆరు దాటాక ఆమె ఎదురుచూస్తున్న పంపకం వచ్చింది. కెమర్ తన రెండు ముక్కలూ చూసుకుని, పంచే అమ్మాయితో మెత్తగా, "థాంక్సమ్మా" అన్నాడు. మార్లిస్ చెంప చిన్నగా కదిలింది. అది నాకు తప్ప ఎవరికీ కనిపించి ఉండదు. అతను పందెం పెంచాడు. మొదటిసారి ఆమె పారెయ్యకుండా నిలబడింది. మిగతావాళ్ళు తప్పుకున్నారు.

బల్ల మధ్య, ఇద్దరూ వాడుకోగల ఉమ్మడి ముక్కలుగా, ఆఠీను రాజు, ఇస్పేటు తొమ్మిది, కళావరు నాలుగు పడ్డాయి. కెమర్ చిప్స్ తోశాడు. ఆమె చాలాసేపు తటపటాయించి, తనూ అంతే పెట్టి సరిపెట్టింది. తరవాత ఆరు పడింది. అతను మళ్ళీ తోశాడు, ఆమె మళ్ళీ సరిపెట్టింది. చివరగా రెండు. అప్పుడు మార్లిస్ తన ముందున్న చిప్స్ మొత్తం రెండు చేతులతో మధ్యలోకి నెట్టింది. అవి కెమర్ దగ్గర ఉన్నవాటికి మించే ఉన్నాయి. నెట్టిన చెయ్యి వణికింది. అది నటనా నిజమా అని తరవాత అడిగితే, "సగం సగం" అంది.

కెమర్ ఆ చెయ్యి చూసి వెనక్కి వాలాడు. "చూశారా ఎలా వణుకుతోందో? పాపం. ఇందాక గోర్డీకి పెట్టిన టోపీయే ఇప్పుడు నాకు పెడుతోంది. నేను గోర్డీని కాదండీ మార్లిస్ గారూ." తన చిప్స్ అన్నీ తోసి, ఆసునూ రాజునూ ఠపీమని బల్ల మీద కొట్టాడు. బల్ల మీద ఒక రాజు, అతని చేతిలో ఒక రాజు.

మార్లిస్ ఒక తొమ్మిది తిప్పింది. ఆగింది. రెండో తొమ్మిది తిప్పి, వేలితో మొదటిదాని పక్కన సరిగ్గా సర్దింది. బల్ల మీదిదానితో కలిపి మూడు తొమ్మిదులు.

కెమర్ మొహంలో నెత్తురు లేదు. "అదృష్టం" అని లేచి, చుట్టూ మనుషులున్నారు గనక షేక్‌హ్యాండ్‌కి చెయ్యి చాపాడు. ఆమె ఆ చేతిని చూసింది గానీ ముట్టుకోలేదు.

"కూర్చో రాడ్. నీకో పేరు గుర్తుందేమో అడగాలి. మూడో కుర్చీలో కూర్చునేవాడు. నీ మూడు రాణుల్నీ కొట్టాడు."

"ఎవరెవర్నో గుర్తుపెట్టుకుంటానా నేను?" అన్నాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

అప్పుడు మూల నుంచి గోర్డీ గొంతు వినిపించింది. "వైనో లాహ్తి. నీకు గుర్తుంది రాడ్. ఆయన నవ్వాడని ఆ అబద్ధం చెప్పావు. షాపులో మా అందరి ముందూ నువ్వే చెప్పుకుని మురిశావు."

పక్క బల్లవాళ్ళు కూడా ఆట ఆపారు. పర్యవేక్షకుడు రెండడుగులు వేసి ఎందుకో ఆగిపోయాడు.

"గోర్డీ చెప్పాడు. ఇప్పుడు నువ్వు చెప్పు" అంది మార్లిస్.

"వైనో లాహ్తి. చాలా?"

"ఆయన మోసం చేశాడా?"

కెమర్ ఏదో గొణిగాడు.

"వెనకాలవాళ్ళకి వినపడలేదు."

"లేదు! చెయ్యలేదు! నువ్వూ చెయ్యలేదు! చాలా ఇంక?"

"నాకు చాలదు. కానీ వెళ్ళు."

అతను వెళుతుంటే జనం దారి ఇచ్చారు. ఒక్కరూ భుజం తట్టలేదు. గోర్డీ కళ్ళు తుడుచుకుంటూ మార్లిస్ వైపు చూశాడు. ఆమె ఏమైనా మంచి మాట అంటుందని కాబోలు. నేనూ అదే అనుకున్నాను.

"ఏడేళ్ళు ఆలస్యంగా నోరు విప్పావు గోర్డీ. నీ చిప్స్ చూసుకో, నెక్స్ట్ నువ్వే" అంది. అన్నట్టే అరగంటలో అతన్నీ లేపేసింది. ఆ పైన ఆట మీద ఆమెకి మనసు లేదు. నాలుగో స్థానంలో బయటికొచ్చి, స్వెట్టరు వేసుకుని, ఆకలేస్తోందంది.

ఆదివారం పొద్దున ఫలహారాల హాలు సగం ఖాళీగా ఉంది. కిటికీ పక్కన కెమర్, అతని భార్య తింటున్నారు. మార్లిస్ పళ్ళెం నిండా గుడ్లూ సాసేజులూ పెట్టుకుని, అంత ఖాళీ హాల్లోనూ వాళ్ళ పక్క బల్లకే నడిచింది. సరిగ్గా అతనికి ఎదురుగా కూర్చుంది.  నిమ్మళంగా నమిలి నమిలి తింది. కెమర్ పాన్‌కేకులు సగంలో వదిలేసి లేచాడు. అతని భార్య, "ఎవరావిడ?" అని అడగడం మాకు వినపడింది. అతను తలుపు వైపు నడిచాడు.

"పాపం, భార్య ఏం చేసిందే?" అన్నాను.

"నేను ఆవిణ్ణేమన్నా అన్నానా?" అని టోస్టు మీద జామ్ రాసుకుంది.

ఆ వసంతంలో ఊళ్ళో మాట పాకింది. అందరూ మళ్ళీ వైనో గురించి బాగానే మాట్లాడసాగారు. గోర్డీ ఆయన సమాధి దగ్గర గడ్డి కోస్తున్నాడని తెలిసి, మార్లిస్ "కొయ్యనీ" అంది, అంతే. మరుసటి ఫిబ్రవరికి కెమర్ సరస్సు కాసినోకి రాలేదు. పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో ఒక కాసినోలో ప్రతి నెలా మూడో శనివారం ఆడుతున్నాడని తెలిసింది. ఆ సంగతి విన్న రోజు సాయంత్రం మార్లిస్ గరాజులో నా బస్సు మెట్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"వచ్చే నెల మూడో శనివారం నీకేమైనా పనుందా బెర్నీస్?" అంది.