ముక్కుగారి సీసాల గది

పళ్ళసెట్లు చేసే మనిషికి ముక్కు మీద పేరు రావడం విడ్డూరమే. ఆయనకి వచ్చింది. డెంటల్ ల్యాబులో పొద్దున్నించి సాయంత్రం దాకా మైనం కరిగించడం, అచ్చులు పోయడం, ఎవరి నోట్లోనో కూర్చోవలసిన పళ్ళని నున్నగా అరగదీయడం ఆయన పని. అక్కడ ఆయన్ని ఎవరూ ప్రత్యేకంగా ఏమీ పిలవరు. విస్కీ మిత్రమండలిలో మాత్రం ఆయన ముక్కుగారు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడంటే ఆ సీసా పుట్టుపూర్వోత్తరాలన్నీ ఏకరువు పెట్టేస్తాడని ప్రతీతి. ఆ పేరు వింటే మొదట్లో ఆయన భార్యకి నవ్వొచ్చేది. రానురాను ఒళ్ళు మండడం మొదలైంది.

పెళ్ళయిన కొత్తలో విస్కీ అంటే ఆయనకి నెలకో సీసా. ఆవిడ తమ్ముడు వచ్చినప్పుడు బావా బావమరుదులిద్దరూ డాబా మీద చేరి, వేయించిన వేరుశనగలు నములుతూ ఆఫీసుల్లో పైవాళ్ళని తిట్టుకుంటూ తాగేవారు. ఏం విస్కీ అని అడిగితే "ఏమో, షాపువాడు ఇచ్చింది" అనేవాడు. ఖాళీ సీసా కడిగి ఆవిడ ఫ్రిజ్‌లో మంచినీళ్ళు పెట్టుకునేది. విస్కీ వల్ల ఆ ఇంటికి ఏదైనా లాభం జరిగిందంటే ఆ రోజుల్లోనే.

తర్వాత జీతం పెరిగింది, దానితోపాటు నాలుక కూడా నాలుగు మెట్లు ఎక్కింది. సీసాకి వయసుంటుందని ఎవరో చెప్పారు. ఇంట్లో మనుషుల పుట్టినరోజులు ఏనాడూ గుర్తులేని మనిషి, ఏ సీసా ఎన్నేళ్ళు పీపాలో ఉందో గడగడా అప్పజెప్పేవాడు. మంచి సీసాలోంచి బావమరిదికి పోయడానికి చెయ్యి రాలేదు. "వాడికేం తెలుస్తుంది, సోడా కుమ్మరించుకుంటాడు" అని అతనికోసం వేరే చౌక సీసా పెట్టాడు. తమ్ముడు సోడా మానలేదు గానీ ఆ ఇంటికి రావడం మానేశాడు.

అప్పటినుంచీ కొనడమే పనైపోయింది. తాగడానికొకటి, దాచడానికొకటి అన్నాడు. ఆ రెంటికీ ఏదైనా అయితే అని ఇంకొకటి తెచ్చాడు. విమానం ఎక్కబోయే చుట్టం ఎవరున్నా సరే, వాళ్ళ యోగక్షేమాలు ఈయనకి ఉన్నట్టుండి ముఖ్యమైపోయేవి. పదేళ్ళుగా మాటల్లేని పిన్నత్త కొడుకుకి కూడా ఫోన్ చేసి, ఆరోగ్యం కనుక్కుని, ఎయిర్‌పోర్టు షాపులో ఏ వరసలో ఏ సీసా ఉంటుందో చెప్పాడు. అట్టడబ్బాలు, రేకు డబ్బాలు, చెక్కపెట్టెలు ఇంటినిండా చేరాయి. డబ్బా మూల నొక్కుకుపోతే ఆ పూట అన్నం సహించేది కాదు.

ఆవిడ ఇంట్లో కూర్చుని బట్టలు కుట్టేది. ఆ వాటాలో కాస్త చల్లగా ఉండేది వెనక గదొక్కటే, అందులోనే ఆవిడ మిషను, కత్తిరింపుల బల్ల ఉండేవి. ఒక ఆదివారం ఆవిడ బజారుకి వెళ్ళొచ్చేసరికి మిషను హాల్లో చెప్పుల స్టాండు పక్కన ఉంది. గదిలో కిటికీకి నల్లకాగితం అంటించి ఉంది. వారం తిరక్కుండా ఆ గదికి ఏసీ కూడా వచ్చింది.

"ఎండ తగిలితే సరుకు రంగు మారిపోతుంది" అన్నాడాయన.

"మరి హాల్లో నామీద పడుతోంది కదా ఎండ?"

"నువ్వేమన్నా సీసావా?"

సీసా అయితే బాగుండునని ఆవిడకి చాలాసార్లు అనిపించింది.

ఇలా ఉండగా కిందటేడు ఆయనకి జ్వరం, జలుబు పట్టుకున్నాయి. జ్వరం తగ్గింది. జలుబు పోతూ పోతూ వాసన తెలిసే గుణాన్ని తనతోపాటు పట్టుకుపోయింది. ఆయన ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆవిడ తనంతట తనే కనిపెట్టింది. స్టవ్ మీద పాలు పొంగి, మాడి, ఇల్లంతా కంపు కొడుతుంటే ఆయన ఆ పక్కనే నిలబడి ఫోన్‌లో సీసాల బొమ్మలు చూసుకుంటున్నాడు. "పాలు మాడుతున్నాయండీ" అంటే, "అదే, నేనూ చెబుదామనుకుంటున్నా" అన్నాడు.

ఆవిడకి అనుమానం వచ్చింది. తడి ఆరని మసిగుడ్డ మూడు రోజులు ముక్కబెట్టి ఆయన కుర్చీ కింద పెట్టింది. ఆయన ఆ కుర్చీలోనే కూర్చుని "ఇవాళ ఇల్లు ఎంత శుభ్రంగా ఉందో" అని మెచ్చుకున్నాడు. ఆవిడ లోపలికెళ్ళి కడుపుబ్బా నవ్వుకుంది. నవ్వు అయిపోయాక బాధేసింది. ఇంత పెద్ద కష్టం వచ్చిపడితే కట్టుకున్నదానితో ఒక్క ముక్క చెప్పుకోలేదేమని. ఆయన నోటితో ఆయన చెప్పేదాకా తాను అడగకూడదని అప్పుడే పంతం పట్టింది.

చెప్పకపోగా ఆయనకి కొనుగోళ్ళ పిచ్చి ముదిరింది. మూత తీయని సీసాకి ముక్కుతో పనిలేదు కదా. "అసలైన కలెక్టరు మూత తీయడు. తీసినవాడు తాగుబోతు" అని మండలిలో కొత్త సిద్ధాంతం లేవదీశాడు. ఎంత నిగ్రహం అని అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఎవరైనా గ్లాసు అందిస్తే, డబ్బా మీద రాసినవీ ఫోన్‌లో చదివినవీ కలిపి కళ్ళు మూసుకుని చెప్పేవాడు.

అప్పుడే ఏదో పాత హోటలు మూసేస్తూ సామాన్లు అమ్మేస్తుంటే, చెక్కడపు పని చేసిన పెద్ద చెక్క అలమారా ఒకటి కొని వెనక గదిలో పెట్టించాడు. అది ద్రాక్షసారా సీసాల కోసం చేసింది. గుండ్రటి గూళ్ళలో సీసాలు పడుకోవాలి తప్ప నిలబడడానికి వీల్లేదు. మండలిలో మెడికల్ షాపాయన ఒకడు మెల్లిగా, "విస్కీని నిలబెట్టి ఉంచాలంటారు కదండీ. పడుకోబెడితే ఆ ఘాటు బిరడాని తినేస్తుందట" అన్నాడు.

"అది చౌకరకం బిరడాల సంగతి" అన్నాడు ముక్కుగారు. దాంతో మెడికల్ షాపాయన నోరు మూతపడింది. సీసాలన్నీ ఆస్పత్రి వార్డులో రోగుల్లా వరసగా పడుకున్నాయి.

కొన్నాళ్ళకి గది గుమ్మంలో సన్నగా వాసన మొదలైంది. తర్వాత హాల్లోకి వచ్చింది. అక్కణ్ణించి ఆవిడ కుట్టే బట్టలకి పట్టింది. కర్టెన్లు కుట్టించుకున్న స్కూలు టీచరు ఒకావిడ వాటిని మడతపెడుతూ ఓసారి వాసన చూసి, ఈవిడ వంక చూసి, "ఏమన్నా కష్టాలుంటే నాతో చెప్పుకోండి అమ్మా" అని చెయ్యి నిమిరి వెళ్ళింది. ఆ రోజు ఆవిడకి తల కొట్టేసినట్టయింది. సీసాలు కారిపోతున్నాయని చెప్పడానికి మాట నోటిదాకా వచ్చింది. ముందు ఆయన తన ముక్కు సంగతి చెప్పాలి, ఆ తర్వాతే నేను ఈ సంగతి చెబుతాను అని మింగేసింది. మొగుడూ పెళ్ళాల పంతంలో బిరడాలు నానుతూ వచ్చాయి.

మండలి వార్షికోత్సవం ముక్కుగారింట్లో పెట్టుకున్నారు. ఇన్నాళ్ళ నిగ్రహం తర్వాత ఆయన ఒక అపురూపమైన సీసా తెరుస్తానని మాటిచ్చాడు. మండలి అధ్యక్షుడైన రిటైర్డ్ బ్యాంకు మేనేజరు, మెడికల్ షాపాయన, డ్రైవింగ్ స్కూలాయన, ముగ్గురూ ఇస్త్రీ చొక్కాలేసుకుని వచ్చారు. గుమ్మంలోనే ముగ్గురి ముక్కులూ అదిరాయి. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత ముక్కుగారి మొహం చూశారు. ఆయన చిరునవ్వుతో "రండి రండి" అంటున్నాడు.

"ఆహా, వాతావరణమే వేరండీ ఇక్కడ" అన్నాడు అధ్యక్షుడు.

"నేలమాళిగలోకి దిగినట్టుంది" అన్నాడు డ్రైవింగ్ స్కూలాయన.

ముక్కుగారు వాళ్ళని వెనక గదిలోకి తీసుకెళ్ళాడు. మెడికల్ షాపాయన అలమారా దగ్గర నిలబడ్డాడు. కాలి కింద ఏదో తడి తగిలింది. కాలు పక్కకి జరుపుకుని ఊరుకున్నాడు.

ముక్కుగారు పై గూట్లోంచి సీసా బయటికి లాగాడు. చేతికి తేలిగ్గా వచ్చింది. వెలుగులో పెట్టి చూస్తే సగం లేదు. వేళ్ళు తడిగా ఉన్నాయి. ఆయన వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, అలవాటు కొద్దీ. ఆ తర్వాత "ఒక్క నిమిషం" అని వంటింట్లోకి వచ్చాడు.

"ఇదిగో, ఇంట్లో ఏమన్నా వాసన వస్తోందా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

ఈ ప్రశ్న కోసం ఆవిడ ఏడాదిగా కాచుక్కూర్చుంది.

"మెట్ల దాకా వస్తోంది. ఎన్ని నెలలైందో."

"మరి చెప్పలేదేం?"

"మీరు చెప్పారా?"

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"జ్వరం తగ్గాక ల్యాబులో పళ్ళసెట్ల పొడిలో కలిపే లిక్విడ్ సీసా పగిలింది. ఆ ఘాటుకి అందరూ కళ్ళు నులుముకుంటూ బయటికి పరిగెత్తారు. నేనొక్కణ్ణే కూర్చుని పళ్ళు అమరుస్తున్నా. పనంటే అంత శ్రద్ధుండాలని మా ఓనరు మెచ్చుకున్నాడు కూడా."

"డాక్టరుకి చూపించారా?"

"రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు."

"నాతో చెప్పడానికేం వచ్చింది?"

"సీసాలు తప్ప నాకేం తెలుసని? అదీ పోయిందంటే నువ్వేమనుకుంటావో అని."

ఏడాదిగా దాచుకున్న తిట్లు చాలానే ఉన్నాయి ఆవిడ దగ్గర. ఒక్కటీ నోటికి రాలేదు. మనిషి మీద జాలేసింది, అయినా కోపం పోలేదు.

"వెళ్ళి వాళ్ళతో కూడా చెప్పండి" అంది.

ఆయన వాళ్ళ దగ్గరికి వెళ్ళి, నిలబడే చెప్పాడు. "నాకు ఏడాదిగా ముక్కు పనిచేయడం లేదు." అధ్యక్షుడు హాస్యమనుకుని నవ్వాడు. మెడికల్ షాపాయన నవ్వలేదు.

"మరి ఆర్నెల్ల కింద నాచేత కొనిపించిన సీసా? తేనె, పొగాకు, తడిమట్టి వాసనలు ఉన్నాయన్నారు?"

"డబ్బా మీద రాసుంది."

"అయ్యో, నాకూ తడిమట్టి తెలుస్తోందని అన్నానే" అన్నాడు డ్రైవింగ్ స్కూలాయన దిగులుగా.

ఆవిడ గుమ్మంలోంచి అడిగింది. "ఆయనకి లేకపోతే లేదు. మీ ముగ్గురికీ ముక్కులున్నాయి కదండీ. లోపలికి అడుగుపెట్టగానే వచ్చుంటుంది వాసన. ఒక్కరూ అనలేదేం?"

"ముక్కుగారే ఏమీ అననప్పుడు అనడానికి మనమెవరం అనుకున్నామమ్మా" అన్నాడు అధ్యక్షుడు.

ఇంకెక్కువసేపు కూర్చోలేదు. అందరికీ ఒక్కసారిగా పనులు గుర్తొచ్చాయి. మెడికల్ షాపాయన మాత్రం మెట్ల దాకా వెళ్ళి వెనక్కొచ్చి, "సరుకు పోతే పోయింది గానీ, ఆ ఖాళీ డబ్బాలకి మంచి గిరాకీ ఉంది. అమ్మే ఆలోచనుంటే ముందు నాకు చెప్పండి" అని వెళ్ళాడు.

ఇద్దరూ వెనక గదిలోకి వెళ్ళారు. ఆయన గూళ్ళలోంచి సీసాలు ఒక్కొక్కటే తీసి, మూత దగ్గర పట్టుకుని ఆవిడ ముందు పెడుతున్నాడు. పోయినవి కొన్ని కంటికే తెలుస్తున్నాయి. అనుమానం ఉన్నవాటిని ఆవిడ వాసన చూసి చెప్పాలి.

"ఇది?"

"పోయింది."

"ఇదో?"

"ఇదీ అంతే. తడిసిన అట్టముక్క వాసన."

ఆవిడ ఏం చెబితే అదే తీర్పు. ఆయన ఎదురు చెప్పడం లేదు, మారు అడగడం లేదు. పోయిందన్న ప్రతి సీసానీ నేలమీద పెట్టేస్తున్నాడు. పరీక్ష రాసిన పిల్లాడిలా ఆవిడ మొహంలోకి చూస్తున్నాడు. కింద వరస మొత్తం పోయిందని చెప్పేస్తే, అలమారా రేపే పాతసామాన్లవాడి బండెక్కుతుందని ఆవిడకి తెలుసు. గది ఖాళీ అవుతుంది, మిషను మళ్ళీ ఇక్కడికి వస్తుంది. అబద్ధమని కనిపెట్టగల ముక్కు ఆ ఇంట్లో ఇంకొకటి లేదు.

ఆయన కింద వరసలోంచి ఒక సీసా తీసి ఇచ్చాడు. మూత బిగువుగా ఉంది. చుట్టూ పొడిగా ఉంది. ఏ వాసనా లేదు. ఆవిడ దాన్ని చాలాసేపు ముక్కు దగ్గరే పెట్టుకుంది.

"ఏమైంది? ఇదీ పోయిందా?" అన్నాడాయన.

"లేదు. ఇది బాగానే ఉంది" అంది. అన్నందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది.