బ్లాకవుట్ రోజుల హోంగార్డు

అతని ముఖం నేనెప్పుడూ వెలుగులో చూడలేదు. డెబ్బై ఒకటి యుద్ధంలో, శత్రువిమానాలకు ఊరు కనబడకూడదని బెజవాడలో అందరం కిటికీలకు నల్లకాగితం అంటించుకున్నాం. మా కాలువగట్టు వీధికి ఒక కుర్ర హోంగార్డుని వేశారు. చీకటి పడగానే మా కిటికీ కింద సైకిలు బెల్లు మెల్లగా మోగించేవాడు.

"అమ్మాయిగారూ, మీ వెలుగు రోడ్డు మీదికొస్తోందండీ. దీపం ఆర్పండి. పుస్తకం ఎక్కడికీ పోదు లెండి!"

నేను పుస్తకం మూసి దీపం ఆర్పేదాన్ని.

"కిటికీ కాగితం చిరిగిన ఆ మూల కాస్త అంటించవే," అనేది అమ్మ.

"రేపు అంటిస్తాలే."

యుద్ధం ఆగింది. నల్లకాగితాలన్నీ అమ్మే పీకేసింది. వీధిదీపాలు వెలిగాయి, అతను రావడం మానేశాడు.

ఇప్పటికీ చీకటి పడేవేళ దీపం పెట్టుకుని ఆ కిటికీ దగ్గరే కూర్చుంటాను. అతనన్నట్టు, పుస్తకం ఎక్కడికీ పోలేదు.