స్పానిష్ వాళ్ల దారిలో ఉమ పేర్చిన రాళ్లు

శేషగిరి గారు రిటైరయ్యాక రాళ్లు ఆయనతో మాట్లాడ్డం మొదలుపెట్టాయి. అంతకుముందు ఎముకలు మాట్లాడేవి లెండి. అమెరికాలోనే పార్సిప్పనీ అనే చలి ఊళ్లో రేడియాలజిస్టుగా ముప్ఫై ఏళ్లు చీకటిగదిలో కూర్చుని, జనాల ఊపిరితిత్తుల్లో నీడలు చూసీ చూసీ, బయటికొచ్చేసరికి ఆయనకి ఏ వస్తువు చూసినా లోపల ఇంకేదో ఉందనిపించేది. చలి పడక అరిజోనా వచ్చి, ఫీనిక్స్ పక్కన మెసాలో ఇల్లు కొనుక్కున్నారు. మా అమ్మాయి వాళ్లింటికి రెండిళ్ల అవతల. పంతులమ్మగా రిటైరై నేనుంటున్నదీ అమ్మాయి దగ్గరే. వచ్చిన కొత్తలో బుద్ధిగా గోల్ఫ్ ఆడుకుందామనే అనుకున్నారు. కర్మ కాలి ఒకరోజు హెయిర్‌కట్‌కి వెళ్తే, పక్క కుర్చీలో కూర్చున్న లైల్ అనే పెద్దాయన చెవిలో ఓ మాట ఊదాడు.

ఏమిటా మాట అంటే, ఎప్పుడో రెండు మూడొందల ఏళ్ల కిందట స్పానిష్ వాళ్లు కంచరగాడిదలేసుకుని ఈ కొండల్లోకొచ్చారట. బంగారం తవ్వారట. ఇక్కడి వాళ్లు తరిమితే గనుల నోళ్లు రాళ్లతో మూసేసి, మళ్లీ వస్తాం కదా అని దారి పొడుగునా బండల మీద గుర్తులు పెట్టి పోయారట. తాబేలు బొమ్మ తల ఎటుంటే బంగారం అటు. గుండె బొమ్మ పక్కకి వాలితే గని దగ్గర్లోనే. సిలువ కనబడితే తిన్నగా పొమ్మని. పాపం, వాళ్లు మళ్లీ రాలేకపోయారు. వాళ్ల తరఫున మా శేషగిరి గారు వెళ్తున్నారు.

రేడియాలజిస్టులకో అలవాటుంది. "ఇది ఫలానా" అని చచ్చినా చెప్పరు. "అలా కనబడుతోంది, కాకపోవచ్చు కూడా, ఇంకో యాంగిల్‌లో తీస్తే మంచిది" అంటారు. కొండల్లోనూ అదే వరస. ఒక బండ ముందు నిలబడి, మొన్న ఈ పక్కనించి చూశారు కదా, ఇవాళ ఆ పక్కనించి చూసి, "ఇది హార్టే టీచర్‌గారూ. కొంచెం ఎన్‌లార్జ్ అయింది" అనేవారు. నాకు చూస్తే గోడ మీద కొట్టిన పిడకలా ఉండేది. పైకి అనలేం కదా! "పాపం, మందులు వాడుతోందాండీ?" అన్నాను ఒకసారి. రెండు వారాలు నాతో మాట్లాడలేదు.

ఆయనకి తోడు వాసుదేవరావు గారు. వంతెనలు కట్టి రిటైరైన ఇంజనీరు. ఏ రెండు రాళ్లు కనబడినా మధ్యలో గీత గీయకపోతే ఆయనకి అన్నం సయించదు. డాక్టరు గారు గుర్తు చూపిస్తారు, ఇంజనీరు గారు జీపీఎస్‌లో గీత గీస్తారు. ఏటా కొత్త గుర్తు, కొత్త గీత. దాంతో పాపం ఆ గని కూడా ఒక కొండ మీద స్థిరంగా కాపురం పెట్టలేక, ఏటా ఇల్లు మారుతూ ఉండేది.

అన్యాయంగా చెప్పకూడదు, ఒక్కటి మాత్రం నిజంగా చూశాం. గుండ్రంగా రాళ్లు పరిచిన గుంట, మధ్యలో గుంజ పాతిన కన్నం. గనిలో తీసిన రాయిని అందులో పోసి, పైన బండ వేసి గాడిదతో ఈడ్పించి నూరేవాళ్లట. అచ్చం మన సున్నం గానుగ! "మా బడి కట్టినప్పుడు సున్నం ఆడింది ఇలాంటిదాంట్లోనేనండీ" అన్నాను సంబరంగా. శేషగిరి గారు నావంక జాలిగా చూసి, "సున్నం వేరు, బంగారం వేరు టీచర్‌గారూ" అన్నారు. అన్నేళ్లు పాఠాలు చెప్పి కూడా నాకా తేడా తెలీదు మరి! "గానుగ ఉందంటే గని ఉన్నట్టే" అని ఆయన నిశ్చయం. గానుగ ఎవరిదో, ఎప్పటిదో ఎవరికీ తెలీదు. నిశ్చయానికి ఆ మాత్రం చాలు.

ఇక ఉమ. ఆయన భార్య. పార్సిప్పనీలోనే లైబ్రరీలో పనిచేసి రిటైరైంది. అమెరికా వచ్చిన నలభై ఏళ్లలో ఆవిడ తనకి కావాల్సిన ఊళ్లో ఒక్కనాడూ ఉండలేదు. ఆయన రెసిడెన్సీ ఎక్కడైతే అక్కడ, ఆయన ఉద్యోగం ఎక్కడైతే అక్కడ, చివరికి ఆయన ఒంటికి ఏ ఎండ పడితే అక్కడ. ఇప్పుడు మొదటిసారి ఆవిడకో ఊరు కావాలనిపించింది. అరోరా. మెసా నించి విమానంలో వెళ్లాలి. కూతురు స్పందన, మనవరాలు అనిక అక్కడే. స్పందన వీధిలోనే చిన్న టౌన్‌హోమ్ ఒకటి ఖాళీ అవుతోంది. అందులో ఉండే పెద్దావిడ, "బోర్డు పెట్టకముందే నీకు చెప్తున్నా, మీ అమ్మని అడుగు" అందట.

"కూతురింట్లో వద్దు టీచర్‌గారూ, కూతురి వీధిలో" అనేది ఉమ. "కూర వండితే గిన్నె పట్టుకుని వెళ్లేంత దూరం. మాట తేడా వస్తే అదే గిన్నెతో తిరిగొచ్చేంత దూరం."

శేషగిరి గారు వద్దనలేదు. వద్దనేంత కఠినుడు కాదు. "గని దొరకనీ, వెళ్దాం" అన్నారు. అంతే. అంతకంటే మర్యాదగా ఎవరైనా వద్దంటారా?

చలికాలమంతా శనివారం వస్తే కొండలే. తలలు పైకెత్తి బండల వంక చూస్తూ మగవాళ్లు ముందు. పులిహోర, దద్దోజనం మోస్తూ మేమిద్దరం వెనక. నీడ దొరికిన చోటల్లా కూలబడేవాళ్లం. కూచున్నా ఉమ చేతులు ఊరుకోవు. ఒక పలక రాయి, దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి.

"ఏమిటి ఉమా, శ్రీశైలం కొండెక్కుతున్నాననుకున్నావా?" అన్నాను. మనవాళ్లు కొండెక్కేటప్పుడు సొంతిల్లు రావాలని దారి పక్కన రాయి మీద రాయి పేరుస్తారు కదా, అదన్నమాట.

"కొండ ఏదైతేనేం టీచర్‌గారూ, కోరిక నాదేగా."

"ఇక్కడ పేరిస్తే ఇల్లు ఎక్కడివ్వాలో దేవుడికెలా తెలుస్తుంది?"

"జిప్ కోడ్‌తో సహా చెప్పుకుంటున్నా."

"మూడు రాళ్లేనా మరి? అమెరికాలో ఉండి!"

"హాలు, వంటిల్లు, పడకగది. ఊడ్చుకోవాల్సింది నేనే కదా, ప్యాలెస్ ఎందుకు?"

అలా ఆ దారి పొడుగునా, నీడ ఉన్న చోటల్లా, ఒక అరోరా ఇల్లు లేచింది. అలా పేర్చకూడదనీ, వెనకొచ్చే హైకర్లు దారి తప్పుతారనీ ఆ తర్వాతెప్పుడో ఒక రేంజర్ చెప్పాడు. హైకర్ల సంగతేమో గానీ, మాతో వచ్చినవాళ్లలోనే ఇద్దరు తప్పారు.

ఫిబ్రవరిలో ఒక శనివారం ఉమకి జలుబు చేసి మేం వెళ్లలేదు. మగవాళ్లిద్దరే వెళ్లారు. వెనకాల పులిహోర లేకపోయేసరికి నడక మందగించింది, నీరసానికి తలలు వాటంతటవే కిందికి వాలాయి. అప్పుడు కనబడ్డాయి.

సాయంత్రం ఉమ దగ్గర కూర్చుని కాఫీ తాగుతున్నాను. ఇద్దరూ బూట్లైనా విప్పకుండా ఇంట్లోకొచ్చేశారు.

"ఉమా! దొరికింది! ట్రెయిల్ దొరికింది!" శేషగిరి గారు ఫోన్ మా మొహాల మీద పెట్టారు. "మూడేసి రాళ్లు! ఎక్కడ చూసినా మూడే! ఫాదర్, సన్, హోలీ స్పిరిట్! స్పానిష్ వాళ్లు క్యాథలిక్కులు కదా!"

"అన్నీ ఒకే లైన్‌లో ఉన్నాయమ్మా" అన్నారు వాసుదేవరావు గారు గొంతు తగ్గించి, పక్కింటివాళ్లు విని తవ్వేసుకుంటారేమో అన్నట్టు. "సరిగ్గా ఈశాన్యానికి పోతోంది. వాళ్లకీ వాస్తు తెలుసన్నమాట!"

దారి పక్కన కూర్చున్నవాళ్లం దారి పక్కనే పేరుస్తాం గానీ, ఎగిరెళ్లి శిఖరాల మీద పేరుస్తామా!

"పైగా ప్రతిదీ నీడలోనే" అన్నారు శేషగిరి గారు. "ఎందుకో చెప్పండి టీచర్‌గారూ?"

"ఎందుకండీ?"

"గాడిదలు రెస్ట్ తీసుకోడానికి!"

అందులో ఒక గాడిద మీ ఎదురుగానే ఉందండీ అనబోయి, కాఫీ గుటుక్కున మింగాను. ఉమ నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది.

"చెప్పెయ్యి ఉమా."

"ఆ మొహం చూశారా? స్పందన పుట్టినప్పుడు కూడా అంత వెలగలేదు. ఈ పూటకి ఉండనివ్వండి. రేపు చెప్తాలెండి."

ఇంతలో హాల్లోంచి కేక. "ఉమా, ఆ టౌన్‌హోమ్ వద్దని స్పందనకి ఫోన్ చేసి చెప్పెయ్! ఇప్పుడు ఊరెలా వదుల్తాం? ఇంకో అయిదారేళ్లు ఇక్కడే!"

ఉమ చేతిలో కాఫీ గిన్నె అలాగే ఉండిపోయింది. ఏ ఇంటి కోసం రాళ్లు పేర్చిందో ఆ రాళ్లే ఆ ఇంటికి అడ్డంగా పడుకున్నాయి. అరోరా పెద్దావిడ వచ్చే ఆదివారం వరకే ఆగుతానంది.

"వద్దని చెప్తావా?" అని అడిగాను.

"వచ్చే శనివారం నేనూ కొండకొస్తున్నా" అంది. ఆ గిన్నె తోమిందే మళ్లీ తోమింది.

శనివారం లైల్ కూడా వచ్చాడు. బారెడు తెల్లగడ్డం, గొడుగంత టోపీ. ఈ కొండల్లో ఆయన ఇరవై ఏళ్లుగా వెతుకుతున్నాడు. గని దొరక్కపోవడంలో అందరికంటే సీనియర్. అందుకే ఆయన మాటంటే మావాళ్లకి వేదం. ఆయన ఇంగ్లీషు నాకు సగమే అర్థమవుతుంది, మిగతా సగం శేషగిరి గారు తెలుగు చేసి పెట్టేవారు.

మలుపు దగ్గర, చెట్టు నీడలో, ఉమ పేర్చిన రాళ్ల ముందు లైల్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. టోపీ తీశాడు. భూతద్దం తీశాడు. రాయిని చూశాడు, రాయి మీద మచ్చని చూశాడు, వాసన కూడా చూశాడు.

"తక్కువలో తక్కువ రెండొందల యాభై ఏళ్లట!" అన్నారు శేషగిరి గారు, లైల్ మాట తెలుగు చేస్తూ.

ఆ రాళ్ల పక్కనే ఎండిపోయిన నారింజ తొక్క ఉంది. జనవరిలో నేను తిన్నదే. అది ఏ శతాబ్దందో లైల్‌ని అడగాలని నాలిక దురద పుట్టింది గానీ ఆపుకున్నాను.

అప్పుడు ఉమ భుజం మీది సంచీ కింద పెట్టింది. చుట్టూ చూసి ఒక పలక రాయి ఏరింది. దుమ్ము ఊది, వెళ్లి, మూడో రాయి మీద జాగ్రత్తగా పెట్టింది.

"ఉమా! ముట్టుకోకు! అది హిస్టారికల్!"

"గెస్ట్ బెడ్‌రూమ్ మర్చిపోయానండీ" అంది ఉమ.

"ఏమిటి?"

"ఇది హాలు, ఇది వంటిల్లు, ఇది పడకగది. అరోరాలో ఇల్లు కావాలని నేనే పేర్చాను. ఇదీ, కిందవీ, పైన వాగు దగ్గరవీ, అన్నీ నేనే. కావాలంటే టీచర్‌గారిని అడగండి."

అందరూ నావైపు తిరిగారు. "ఆ నారింజ తొక్క కూడా మాదేనండీ" అన్నాను.

వాసుదేవరావు గారు జీపీఎస్ జేబులో పెట్టేసుకుని, ఎప్పుడూ చూడనట్టు ఆకాశం వంక చూడ్డం మొదలుపెట్టారు. లైల్ ఏమైందని అడిగాడు. శేషగిరి గారు కింది పెదవి కొరుక్కుంటూ రాళ్లని ఇటునించి చూశారు, అటునించి చూశారు. ఆఖరికి రేడియాలజిస్టు గెలిచాడు.

"సరే. నువ్వే పెట్టావనుకుందాం. సరిగ్గా స్పానిష్ లైన్ మీదే ఎందుకు పెట్టావ్?"

"నీడ ఉందని."

"నీడ ఇక్కడే ఎందుకుంది?"

"చెట్టు ఉందని!"

ఈలోగా వాసుదేవరావు గారు సంగతంతా లైల్‌కి చెప్పారు. లైల్ సిగ్గుపడలేదు సరికదా, ఉమ వంక భక్తిగా చూస్తూ ఏదో అన్నాడు. శేషగిరి గారి మొహం మళ్లీ వెలిగింది.

"విన్నావా? కొందరి చేతులకి ఆ గుణం ఉంటుందట. తెలీకుండానే గని వైపు పోతాయట. నీకు ఆ శక్తి ఉందంటున్నాడు!"

పెళ్లైన ఇన్నేళ్లలో ఆ చేతులు తెచ్చిన పళ్లేన్నే తప్ప ఆ చేతుల్ని చూసిన మనిషి కాదాయన. ఇప్పుడు చూశారు. బంగారం కోసం అనుకోండి, అయినా చూశారు.

"శక్తి ఉందా నాకు?" అంది ఉమ.

"ఉందట!"

"అయితే ఆ శక్తితోనే చెప్తున్నా. ఇక్కడ గనీ లేదు, గాడిద గుడ్డూ లేదు."

సంచీ భుజానేసుకుని చరచరా కిందికి దిగిపోయింది. తిండంతా ఆ సంచీలోనే ఉంది కాబట్టి మేమందరం కూడా దిగాం.

తిరుగుదారిలో ఉమే డ్రైవ్ చేసింది. పక్కన ఆయన, వెనక నేను. వాసుదేవరావు గారు మొహం చెల్లక లైల్ ట్రక్కు ఎక్కేశారు. కొండలు దాటి సిగ్నల్ రాగానే ఫోన్ మోగింది. స్పందన. ఉమ కారు పక్కకి తీసి ఆపింది.

"అమ్మా, ఆవిడ మళ్లీ అడుగుతోంది. యెస్ ఆ, నో ఆ?"

ఉమ ఆయన వైపు తిరగలేదు. "యెస్ అని చెప్పు."

"నాన్న ఓకేనా?"

"నాన్న గని పనిలో ఉన్నారు. ఇది ఇంటి పని. నేను చెప్తున్నాగా, యెస్."

ఫోన్ పెట్టేసింది. ఆయన కోప్పడితే ఏం చెయ్యాలా అని వెనక సీట్లో నేను ఆలోచిస్తున్నాను.

ఆయన కోప్పడలేదు. "ఆ గెస్ట్ బెడ్‌రూమ్ ఎవరికి?" అన్నారు.

"మీకే. గని దొరికాక వస్తారుగా. వచ్చినప్పుడు ఉండాలి కదా."

శేషగిరి గారు అద్దంలోంచి వెనక్కి, కొండలవైపు చూశారు. ఆ చూపు చూస్తే నాకూ జాలేసింది, అబద్ధమెందుకు. ఒక్క బంగారపు రవ్వైనా ఇవ్వని కొండల వంక ఎవరైనా అంత ప్రేమగా చూడ్డం నేనెప్పుడూ చూళ్లేదు.

"ఆ ఇంట్లో మెట్లున్నాయా?" అన్నారు.

"ఉన్నాయి. పడకగది కిందే. గెస్ట్ రూమే మేడ మీద."

ఆయన సీటుబెల్టు సర్దుకున్నారు.

"ఈ వయసులో మెట్లెక్కలేను ఉమా. నేను కిందే ఉంటాను."

ఉమ ఇండికేటర్ వేసి, వెనక వచ్చే కారుని పోనిచ్చి, మళ్లీ రోడ్డెక్కింది.