పిన్నమ్మ నీళ్ళు ముట్టని దారి: కంబదూరు నుంచి అనంతపురం

వేరుశనగ పీకుడు చూసి వద్దామని కంబదూరులో మా పిన్నమ్మ ఇంటికి వెళ్ళాను. మరుసటి ఉదయమే ఆమెను తీసుకుని అనంతపురం ఆసుపత్రికి బయలుదేరాల్సి వచ్చింది. చాలా రోజులుగా మూత్రంలో మంట ఉంటే, వేడి చేసిందని మజ్జిగ తాగి నెట్టుకొచ్చింది. తెల్లారేసరికి చలిజ్వరం, నడుము పక్కన పోటు, వాంతులు.

ఏడు గంటల బస్సు కళ్యాణదుర్గం మీదుగా వెళ్తుంది. ప్రయాణం రెండు గంటల పైమాటే. పిన్నమ్మ ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. నీళ్ళ సీసా అందిస్తే మొహం తిప్పుకుంది.

"తాగితే యాడ దిగేది? దారంతా బయలే, చాటుకు పోను చెట్టన్నా లేదు. చేన్లోనూ అంతే. సాలు ఇడిసి లేస్తే ఎనకబడతాం. పొద్దు గూకేదాకా నీళ్ళు ముట్టం."

నాకు కోపం ఆగలేదు. "మందులన్నా వాడినావా?"

"పోయిన తూరి డాక్టరు ఇచ్చినవి సగం దాపెట్టినా. మంట తగ్గె గదా అని. ఈసారి రెండు మింగి, మిగిలినవి ఖాసింబీకి ఇచ్చినా. నా పక్క సాల్లో పీకే పిల్ల. కడుపుతో ఉండాది, దానికీ ఇదే మంట."

కళ్యాణదుర్గం దాటాక, నువ్వెవరని పిన్నమ్మ నన్నే అడిగింది. డ్రైవరు దగ్గరికి వెళ్ళి, "అన్నా, మా పిన్నమ్మకు తెలివి తప్పుతాంది" అన్నాను.

"పోయి పట్టుకొని కూసో అక్కా. ఇంక యాడా నిలపను," అన్నాడు. అన్నట్టే నేరుగా ఆసుపత్రి ముందు దించాడు.

మూత్రసంచిలో మొదలైన ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకిందని డాక్టరమ్మ చెప్పింది. మూత్రాన్ని కల్చర్ పరీక్షకు పంపి, వెంటనే నరానికి మందు ఎక్కించింది. "మంట తగ్గిందని మధ్యలో ఆపితే క్రిములు మిగిలిపోతాయి. మళ్ళీ లేచినప్పుడు పాత మాత్రలకు లొంగకపోవచ్చు" అంది. ఆ రెండు రోజులు నేను పడిన భయం పగవాళ్ళకు కూడా వద్దు.

మూడో రోజు జ్వరం దిగింది. పిన్నమ్మ ముందు ఫోన్ అడిగింది.

"ఖాసింబీ, నేనిచ్చిన మాత్రలు పారెయ్. రేపు పొద్దున బస్సెక్కు. నీళ్ళు తాగుతా రా, సిగ్గుపడొద్దు."

కనుచూపు మేర అడ్డం లేని ఆ బయలును చూసి ఎన్నోసార్లు మురిసిపోయాను. ఆ అడ్డం లేకనే ఆడవాళ్ళు దాహం చంపుకుంటున్నారని ఇప్పుడు తెలిసింది. ఆ దారిన వెళ్ళే ఆడవాళ్ళు సీసా నింపుకోండి. కళ్యాణదుర్గం బస్టాండులో బస్సు ఆగుతుంది, డ్రైవరుకు చెప్పి దిగండి. మంటతో పాటు జ్వరం, పోటు ఉంటే మాత్రం బస్సు కోసం చూడకుండా అంబులెన్సు పిలవండి. ఫోన్ చేసిన మర్నాడు ఖాసింబీ ఆసుపత్రికి వచ్చింది. పిన్నమ్మ ఆమె మొహం వైపు కాదు, చేతిలో సీసా వైపు చూసింది. నిండుగా బయలుదేరిన సీసా ఖాళీ.