మా బాబు కోసం

నలభై రెండేళ్ల టైలరు పిల్లల ఆసుపత్రిలో, చిన్నపిల్లల కుర్చీలో ఇరుక్కుని, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. అతనిది పుట్టుకతో వచ్చిన జబ్బు. పాలూ గుడ్డూ పప్పూ తింటే మెదడుకే ఎసరు పెడుతుంది. మందుపొడి కలుపుకు తాగుతూ బతకాలి. ఆ జబ్బు తెలిసిన డాక్టరు ఊరికంతటికీ ఒక్కడే, ఆయనేమో పిల్లల డాక్టరు.

ఎవరైనా పలకరిస్తే చెప్పడానికి ఒక అబద్ధం సిద్ధంగా ఉంచుకున్నాడు: "మా బాబు కోసం వచ్చానండీ." పెళ్లే కాలేదు, బాబెక్కడినుంచి ఊడిపడతాడు?

ఆ రోజు కూడా అదే చెప్పాడు. పక్కనున్నావిడ ఒళ్లో నెలల బిడ్డ, చేతిలో అదే పొడి డబ్బా.

"మీ బాబుకీ ఇదేనా అన్నయ్యా? ఈ పిల్లలు పెద్దవుతారా? అందరిలా ఏదో పని చేసుకుని బతుకుతారా?"

ఇరవై ఏళ్లుగా కత్తెర పట్టిన చేతిని, రక్తం తీసిన వేలికున్న దూదితో సహా జేబులో దాచుకున్నాడు.

"ఏమోనమ్మా. మావాడింకా చిన్నవాడు."

ఆవిడ మొహం వాడిపోయింది. అంతలో లోపలినుంచి నర్సు పిలిచింది.

"టైలరుగారూ, మీ రక్తం రిపోర్టు వచ్చింది, రండి."

అతను లేచాడు, కుర్చీ కూడా అతన్ని పట్టుకుని లేచింది. దాన్ని వదిలించుకుని నిలబడేసరికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ నాలుగు తిట్టినా సరిపోయేది.

ఆవిడ అతన్ని పాదాల నుంచి తల దాకా మెల్లగా చూసి, "ఇంత పెద్దయ్యారా అన్నయ్యా" అంది.