మా రేకుల ఇంటి వేడి తప్పట

మా అమ్మ ఉండే ఇంట్లో మనుషులు ఉండలేరట. ఈ మాట అన్నది మా సారు. తిట్టుగా అని ఉంటే ఊరుకునేదాన్నేమో. ఆయన శాస్త్రంగా అన్నాడు. అందుకే ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

సిద్దిపేటలో ఎండలకు ఏ ఇల్లు ఎంత కాగుతుందో చూసే ఒక ప్రాజెక్టులో నేను కొన్నాళ్లు పనిచేశాను. అగ్గిపెట్టెంత యంత్రాన్ని గోడకు వేలాడదీస్తే అది ఎండాకాలమంతా ఇంట్లోని వేడిని కొలిచి దాచుకుంటుంది. ఎక్కువగా కాగే గల్లీల్లో ముందుగా ఇంటి కప్పులకు చలువ పెయింట్ వేయిస్తామని చెప్పారు. ఆ యంత్రాలు ఎవరిళ్లలో పెట్టాలో తేల్చింది మాత్రం సారు. ఎవరిళ్లంటారా? ఆఫీసులో పనిచేసేవాళ్లవి, వాళ్ల చుట్టాలవి, సారు బామ్మర్దిది, అన్నీ గేట్లున్న డాబాలు.

"రేకుల ఇండ్లల్ల పెడితే పోతయమ్మా. ఎవరు జవాబు చెప్పాలె?" అన్నాడు.

మేం వాటిని ఎత్తుకుపోయి అమ్ముకుంటామన్నమాట! నేను నేతగాళ్ల గల్లీ పిల్లనని ఆయనకు అప్పటికింకా తెలియదు. పోట్లాడి ఒక్క యంత్రం తీసుకున్నాను. తీసుకెళ్లి మా ఇంట్లోనే, మగ్గం ఉన్న గదిలో వేలాడదీశాను.

ఆ గదికి పైన రేకులు. అమ్మ మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటుంది, కిటికీ మూసే ఉంటుంది. ఫ్యాన్ లేక కాదు, ఉంది. నేసినంతసేపు వేయదు. గాలికి పోగులు ఎండి పుటుక్కున తెగుతాయి, అవి అతుక్కుంటూ కూర్చుంటే ఆ పూట పని అంతే సంగతులు. అందుకని నేల మీద నీళ్లు చల్లుకుని, చెమట నేత మీద పడకుండా మెడకు తడిగుడ్డ చుట్టుకుంటుంది. అలా నేసిన చీర మీది గొల్లభామ బొమ్మలు చూసి కొనేవాళ్లు ముచ్చటపడతారు. పడనీ.

ఎండలు తగ్గాక మీటింగ్ పెట్టారు. సారు తెర మీద ఇంటికొకటి చొప్పున వేడి గీతలు చూపించాడు. అన్నీ ఒక గుంపుగా ఉన్నాయి, ఒక్కటి మాత్రం విడిగా పైకి లేచి ఉంది.

"గిది తీసెయ్యిన్రి. యంత్రం ఖరాబైంది. ఇంట్ల గింత వేడుంటే మనుషులు ఉండలేరు" అన్నాడు.

"ఉంటున్నరు సార్. అది మా ఇల్లు" అన్నాను.

సారు నవ్వాడు. "గదే నేననేది. మీ ఇల్లు గాబట్టి నీకు ఎక్కువ అనిపిస్తది. సైన్సుల సొంతం పనికిరాదు."

"మీ బామ్మర్ది ఇంట్ల పెట్టింది సైన్సు, మా ఇంట్ల పెట్టింది సొంతమా సార్?"

నోరు జారలేదు. కావాలనే అన్నాను.

యంత్రం సంగతి తేల్చుకుందామని దాన్ని ఆఫీసుకు తెచ్చి, మంచిదని ఆయనే చెప్పిన యంత్రం పక్కన పెట్టాను. రెండూ ఒకే వేడి చూపించాయి. అప్పుడు సారు ఇంకో దారి పట్టాడు. "ఒక్క ఇంటికోసం మొత్తం సగటు ఆగమైతది. తీసెయ్యి." ఆ ఒక్కటి తీసేస్తే మా గల్లీ మొత్తం పోయినట్టే. మా గల్లీలో ఉన్న యంత్రం అదొక్కటే. ఎందుకొక్కటే? ఆయన ఇంకోటి ఇవ్వలేదు గనుక! అయితే రిపోర్టులో నా పేరు కూడా తీసేయమన్నాను. పేరుతో పాటు నౌకరీ కూడా తీసేశారు.

ఇంటికొచ్చి చెప్తే అమ్మ మగ్గం ఆపింది.

"మంచి నౌకరి పోగొట్టుకొని వచ్చినవా? నీ నోట్ల మన్నువడ!"

కడుపారా తిట్టి, మళ్లీ నేతలో పడింది. కాసేపటికి తలెత్తకుండానే అడిగింది: "గా సారు ఏమన్నడంటివి?"

"గింత వేడిల మనుషులు ఉండలేరన్నడమ్మా."

"మరి నేనెవరు?"

నాకు కోపంతో ఏడుపొచ్చింది.

రిపోర్టు వినిపించే రోజున మా గల్లీ ఆడవాళ్లందరం కలిసి వెళ్లాం. మమ్మల్నెవరూ పిలవలేదు. అందరూ ఆహ్వానితులేనని ఫ్లెక్సీ మీద వాళ్లే వేయించుకున్నారు కదా, మేమూ అందరిలోనే ఉన్నాం. ఏసీ హాల్లో వెనక వరసల్లో కూర్చున్నాం. అమ్మకు చలేసి కొంగు భుజాల నిండా కప్పుకుంది. సారు పెయింట్ వేసే గల్లీల పేర్లు ఒక్కొక్కటే చదివాడు. అయిపోయాయన్నాడు. మాది రాలేదు.

నేను లేవబోయాను. అమ్మ నా చేయి పట్టి ఆపి, తనే లేచింది.

"సారూ, గంత వేడిల మనుషులుండరని మా ఇల్లు తీసేసినవట. నేను గాడనే ఉంటున్న. నిన్న ఉన్న, రేపు గూడ ఉంట. మరి నేను మనిషినా, కాదా?"

హాల్లో తలలన్నీ వెనక్కి తిరిగాయి. సారు మైకు సర్దుకున్నాడు.

"అమ్మా, ముందుగాల కూసో. తర్వాత మాట్లాడుదం."

"కూసోను. పొద్దంత కూసునుడే నా పని. మా గల్లి పేరు సదివేదాంక గిట్లనే నిలవడ్త."

వెనక కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. అందరం లేచి నిలబడ్డాం.