ముక్కలతో రెక్కలు

మా పెద్దమ్మ దర్జీ. మా వీధి చివరి మ్యూజియంలో తొలినాళ్ల యుద్ధవిమానం ఒకటుంది. దాని రెక్కలు రేకువి కావు, చట్రానికి బిగించిన గుడ్డవి. అవి చిరిగిపోతే పెద్దమ్మను పిలిచారు. పైలట్ల తోలు టోపీలు పెట్టిన అద్దాల బీరువాల మధ్య చతికిలబడి, పాత గుడ్డలో గట్టిగా ఉన్న ముక్కలన్నీ కలిపి కుట్టింది.

“ఈ వయసులో రెక్కలు ముక్కలు చేసుకోవడం అవసరమా?” అని పెదనాన్న ఒకటే సణుగుడు.

ఇవాళ విమానాన్ని ఆరుబయటికి తెచ్చి ఇంజన్ స్టార్ట్ చేశారు. అబ్బ, ఏం హోరు! ముందున్న పంకా గిర్రున తిరిగింది. రెక్కలు వణికాయి గానీ ఒక్క కుట్టూ ఊడలేదు!

పెద్దమ్మ ఎగిరి గంతేసి పెదనాన్న చెవిలో అరిచింది.

“చూశారా! లోకమంతా రెక్కలు ముక్కలు చేసుకుంటుంది. నేను ముక్కల్ని రెక్కలు చేశానండీ!”